బొట్టు చెదరని తుపాకి

"సాయంత్రం నాలుగు గంటలకు పిల్లను మేజిస్ట్రేటు ముందర నిలబెడతాను. అంతలోపల మీ డిటెక్టివ్ పని ఏముందో చూసుకోండి మేడమ్," అని ఎస్సై ప్రతాప్ ఫోన్ పెట్టేశాడు.

వీడికి రైఫిల్ విప్పి తుడవడం నేర్పింది నేనే. నా పేరు చెంగమ్మ. ఇరవై ఏడేళ్లు పోలీసు ఆయుధాగారంలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు తిరుచానూరులో ఒక లాడ్జి పై గదిలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే. పిల్లోడు తాగుతాడా, జీతం నిజమేనా, ఇవీ నా కేసులు. చాన్నాళ్ళకు ఒక తుపాకి కేసు తగిలింది కదా అని సంబరపడదామంటే, లోపల కూర్చోబెట్టింది పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లను.

పిల్ల పేరు నందిత. నగరిలో పవర్‌లూమ్ మెకానిక్ మునీంద్ర కూతురు. శనివారం సాయంత్రం ఆరుంపావుకు, వాళ్ళ ఎదురు మిద్దె మీద కూర్చున్న మగ్గాల ఓనరు జయచంద్ర కుడి చెంపలో ఎయిర్ రైఫిల్ పెల్లెట్ దిగింది. ఆపరేషన్ అయింది. కంటికి ప్రమాదం లేదన్నారు కానీ మనిషి మత్తులోనే ఉన్నాడు. ఆరూ ముప్పై అయిదుకు పోలీసులు వచ్చి నందిత చేతిలోంచి తుపాకి లాక్కుని ఆమెను జీపెక్కించారు. రేపు సోమవారం పొద్దున తొమ్మిదికి తిరుపతిలో ఆ పిల్లకు రాష్ట్ర జట్టు సెలక్షన్. కేసు పడినవాళ్ళను రేంజ్ గేటు దాటనివ్వమని క్లబ్బువాళ్ళు తెగేసి చెప్పారు. సాయంత్రం నాలుగులోపు తేలిస్తే రేపు పిల్ల పోటీలో ఉంటుంది, తేల్చలేకపోతే రెండేళ్ళ కష్టం గంగపాలు.

మునీంద్రే నన్ను పిలిచాడు. ఆదివారం పదిన్నరకు నేను అతని షెడ్డులో ఉన్నాను.

"తుపాకులు ఎన్ని చేసినావప్పా?" అని అడిగాను.

"రెండేనక్కా. ఒకటి బిడ్డది. ఇంకోటి జయచంద్ర సారుది. మిద్దె మీద డ్రమ్ముల్లో బొప్పాయి చెట్లు పెంచుతాడు. కోతులు పీక్కుపోతాండాయి, బెదిరించేదానికి ఒకటి చేసియ్యి అన్నాడు. గురువారం పొద్దున నేనే ఎత్తుకుపోయి వాళ్ళ బామ్మర్ది మురుగేష్ చేతికిచ్చినా. ఇప్పుడు ఆ మురుగేషే, నచ్చలేదని అప్పుడే తిప్పి పంపినాము, మా ఇంట్లో తుపాకే లేదు అంటాండాడు."

"యాలకు చేసినావు ఇవన్నీ? మగ్గాలు బాగు చేసుకోక?"

మునీంద్ర తల దించుకున్నాడు. "బిడ్డకు గురి ఉండాది. మంచి తుపాకి రెండు లక్షలు. నా చేత కాదు. అంగట్లో దొరికే చౌకరకం పంపు తుపాకి కొన్నా. గొట్టం కింద లీవరుంటాది సూడు, దాన్ని తెరిచి మూసినప్పుడల్లా లోపల గాలి దట్టమవుతాది. అది కొన్నప్పుడు ఉత్త ఆటబొమ్మక్కా. కొట్టిన గాలి సగం కారిపోతాది. ట్రిగ్గరు లాగితే తుపాకే ఊగిపోతాది."

"నువ్వేం చేసినావు?"

అతని ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. మగ్గం తోలు పట్టీ ముక్క కోసి, నూనెలో నానబెట్టి లోపలి వాషరు మార్చాడట. ట్రిగ్గరును పంతొమ్మిది రోజులు చేత్తోనే అరగదీశాడట. మగ్గంలో నూలు పోగు దూరే ఇనుప కన్ను ఉంటుంది కదా, దాన్నే గురి చూసే కన్నుగా బిగించాడట. విద్య అంటే అదీ. మా ఆయుధాగారంలో జీతాలు తీసుకున్న మెకానిక్కులకు కూడా ఈ బుద్ధి పుట్టలేదు.

"బలం పెంచినావా? ప్రతాప్ అదే అంటాండాడు."

"అమ్మోరి మీద ఒట్టు, పెంచలేదు. ఎనిమిది పంపులకు మించి కొట్టొద్దని బిడ్డకూ చెప్పినా, మురుగేష్‌కూ చెప్పినా. ఇంకెవరికీ చెప్పలేదు. నేను పెంచింది బలం కాదక్కా, నిలకడ."

అబద్ధం చెప్పేవాడు ఇంత వివరంగా చెప్పడు. పనిలో మునిగినవాడే చెబుతాడు.

వసారాలో మునీంద్ర తల్లి ప్రసూనాంబ కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. డెబ్బై దాటిన మనిషి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ చెయ్యి మాత్రం ఆగడం లేదు.

"అవ్వా, నిన్న సాయంత్రం నువ్వు యాడుంటివి?"

"ఈడనే. ఆరుకు కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ నిలిచిపోయినాయి. గాలి శబ్దం గూడా వినపడ్తాండె."

"పోలీసులు నిన్నేమడిగినారు?"

"సూసినావా అన్నారు. సూడలేదంటి. నువ్వు ఇంటి మనిషివి, నీ మాట చెల్లదు అనేసి పోయినారు. ఇన్నావా అని ఎవురూ అడగలే."

"నేనడుగుతాండా. ఏం విన్నావవ్వా?"

"జయచంద్ర మిద్దె మీద నించి టక్కు టక్కుమని ఎనిమిది దెబ్బలు. కండెలు చుట్టే దాన్ని, లెక్క తప్పను. ఎనిమిది అయినాక టప్ మనింది. మళ్ళా ఎనిమిది దెబ్బలు. ఈ తూరి టప్ మనలే. అంతలోకే ఆడ అరుపులు, ఏడుపులు."

"అప్పుడు నందిత యాడుండె?"

"మా మిద్దె మీద. తుపాకి ఎత్తి గురి పట్టుకోని నిలబడింది, అంతే. మూడు దినాలు పెల్లెట్లు కాల్చొద్దు, ఉత్త గురే పట్టు అన్నాడంట తుపాకి నేర్పే వాళ్ళ సారు. నేను గూడా చెప్పినా. ఆయుధ పూజ బొట్టు నా చేత్తో పెట్టినా తల్లీ, పోటీ దినం ఆడనే చెరపాల అని. బొట్టుకు ఉత్త పసుపు ఇనుము మీద నిలవదని, నూలుకు పెట్టే గంజిలో కలిపినా. రెండు తుపాకులకూ ఒకే మాదిరి పెట్టినా." అంతసేపూ గట్టిగా ఉన్న ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా బొట్టే దానికి అచ్చిరాలేదేమో కదమ్మా."

"నోరు మూసుకో అవ్వా, అట్లనకు," అన్నాను. గట్టిగానే అన్నాను, లేకపోతే నాకూ ఏడుపు వచ్చేట్టుంది.

పదకొండున్నరకు జయచంద్ర మిద్దెక్కాను. మురుగేష్ వెంట వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అక్క ఇంట్లోనే ఉంటూ బావ మగ్గాలు చూసుకుంటాడట. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జయచంద్ర కూర్చున్న పొట్టి కుర్చీ ఇంకా అక్కడే ఉంది. చుట్టూ బొప్పాయి డ్రమ్ములు. కుర్చీలో కూర్చుని చూశాను. నందిత వాళ్ళ మిద్దె నా ఎడమ చేతి వైపు, నలభై అడుగుల దూరంలో ఉంది. కుడి చేతి వైపు, వెనగ్గా, నీళ్ళ ట్యాంకు దిమ్మె.

"మీ బావకు తగిలింది కుడి చెంప కదా?"

"తల తిప్పినాడేమోలే మేడమ్," అన్నాడు మురుగేష్. జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

"నువ్వు యాడుంటివి?"

"కింద. అరుపు ఇని పైకొచ్చినా. వస్తానే ఆ పిల్ల తుపాకి పట్టుకోని ఆడ నిలబడి ఉండె."

నేను ట్యాంకు దిమ్మె వెనక్కి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈ వయసులో మోకాళ్ళ మీద కూర్చోవడం ఎంత కష్టమో డిటెక్టివ్ అవుదామనుకునేవాళ్ళకు ఎవరూ చెప్పరు. సిమెంటు నేల మీద పసుపు పచ్చని పెచ్చులు నాలుగు. ఒకదాని మీద ఎర్రగా కుంకుమ. గుడ్డు పెంకు మాదిరి గట్టిగా ఉన్నాయి, వేలితో నలిపితే నలగలేదు. కుంకుమ ఉన్న పెచ్చుకు ఒక అంచు కత్తితో కోసినట్టు నేరుగా ఉంది. రుమాల్లో మూట కట్టి జాకెట్లో దోపుకున్నాను.

"ఏంది మేడమ్ ఏరుకుంటాండారు?" అన్నాడు మురుగేష్.

"వయసైపోయింది కదప్పా, ఏదో ఒకటి ఏరుకుంటా ఉంటా," అన్నాను.

ఒంటిగంటకు స్టేషన్లో ప్రతాప్ ఎదుట కూర్చున్నాను. పక్క బెంచీ మీద నందిత ఉంది. సన్నటి పిల్ల. ఏడవడం లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడ మీద ఒకే చోట చూస్తోంది. ఇది గురి పట్టేవాళ్ళ చూపు, నాకు తెలుసు.

"తుపాకి ఒకసారి చూపించప్పా ప్రతాపూ."

"ఎస్సై గారూ అనండి."

"అట్లనే ఎస్సై గారప్పా, చూపించు."

బల్ల మీద ప్లాస్టిక్ సంచీలో తుపాకి పెట్టాడు. గర్వంగా వేలు చూపించాడు. "చూడండి. పసుపు, కుంకుమ. తుపాకికి పూజ చేసి, బొట్టు పెట్టి మరీ కాల్చింది. కక్ష లేకపోతే ఇంత తయారీ ఎందుకు? పోయిన నెల జయచంద్ర వీళ్ళ నాయనను పని మానిపిస్తానని బెదిరించాడంట. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

నేను సంచీ మీదకు వంగి చూశాను. చూసీ చూడగానే నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వాను. బయట సెంట్రీ లోపలికి తొంగి చూశాడు.

"ఏముంది నవ్వేదానికి?" ప్రతాప్ ముఖం కందిపోయింది.

"ఆ బొట్టు యాడ పెట్టినారో సూడు నాయనా. సగం లీవరు మీద, సగం గొట్టం మీద. సందు మీద అడ్డంగా ఉండాది. పెచ్చు లేవలేదు, చీలిక గూడా లేదు. లీవరు తెరిస్తే ఇది నిలుస్తాదా? లీవరు తెరవకుండా గాలి యాడ నించి వస్తాది, మీ మామగారింటి నించా?"

ప్రతాప్ వంగాడు. చాలాసేపు చూశాడు. కానీ వాడూ తక్కువవాడు కాదు, ఒప్పుకోవాలి. "పూజకు ముందే పంపు కొట్టి పెట్టుకుని ఉండొచ్చు. వాళ్ళ నాయన గాలి కారకుండా చేశాడని మీరే అంటున్నారు కదా."

"భేష్! ఇప్పుడు ఎస్సై మాదిరి మాట్లాడినావు. మరి పెల్లెట్ యాడ నించి పెట్టల్ల? ఈ బోల్టు లాగి పెట్టల్ల. పూజకు ముందే పెట్టిందన్నా, కాల్చినప్పుడు బోల్టు వెనక్కి తన్నుతాది, ఆ సందు మీద రెండో బొట్టు చూడు. అదీ చెదరలేదు."

"కాల్చిన తర్వాత మళ్ళీ పెట్టుకుని ఉండొచ్చు."

"తుపాకి పిల్ల చేతిలో నించి గుంజుకునేటప్పుడు నువ్వు ఫొటో తీసినావు కదా? తియ్యి."

తీశాడు. ఆరూ ముప్పై అయిదు. ఫొటోలో బొట్టు ఎండి, తెల్లబారి, కుంకుమ చుక్క ఒకటి కిందికి జారి ఎండిపోయి ఉంది. మునీంద్ర ఇంట్లో బుధవారం పూజకు తీసిన ఫొటో పొద్దునే నా ఫోన్లోకి పంపించుకున్నాను. పక్కన పెట్టాను. అదే చుక్క, అదే జారుడు.

"గంజి కలిపిన పసుపు ఇరవై నిమిషాల్లో ఆరదు. ఆరినా కుంకుమ అదే చోట, అదే వంకరగా జారదు. ఈ తుపాకి బుధవారం నించి నోరు తెరవలేదప్పా."

ప్రతాప్ కుర్చీలో వెనక్కి వాలాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నందిత గోడ మీద నుంచి చూపు తిప్పి మొదటిసారి నా వైపు చూసింది. ఆ చూపు చూస్తే నా గుండె నిండిపోయింది.

"అయితే రెండో తుపాకి ఉందంటారు," అన్నాడు ప్రతాప్ మెల్లగా.

రుమాలు విప్పి పెచ్చులు బల్ల మీద పెట్టాను. "జయచంద్ర మిద్దె మీద, ట్యాంకు వెనక దొరికినాయి. ఇదీ గంజి పసుపే. ఈ అంచు చూడు, సందులో తెగిన అంచు. ఆడ ఎవరో లీవరు తెరిచినారు."

సరిగ్గా అప్పుడే, వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి మురుగేష్ వచ్చాడు. రెండు కావస్తోంది. బల్ల మీద పెచ్చులు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రాప్పా, కూర్చో," అన్నాను. "ఎస్సై గారికి ఒకటే అనుమానం. నువ్వు చూసేసరికి ఆ పిల్ల కాల్చేసి ఉండిందా, ఇంకా కాల్చాల్సి ఉండిందా?"

"కాల్చేటప్పుడే చూసినా సార్." తడబడకుండా చెప్పాలని తొందర వాడికి. "ఎనిమిది పంపులు కొట్టింది, గురి పెట్టింది, కాల్చింది."

"ఎనిమిదేనా? ఆరు గాదు? పది గాదు?"

"ఎనిమిదే మేడమ్. లెక్కపెట్టినా."

"పొద్దున నాతో, కింద ఉన్నా, అరుపు విని పైకొచ్చినా అంటివే. అరుపు వచ్చేది కాల్చినాక గదా? ఎనిమిది పంపులు మెట్ల మీద నించి లెక్కపెట్టినావా?"

మురుగేష్ గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎనిమిదికి మించి కొట్టొద్దని మునీంద్ర చెప్పింది ఇద్దరికే," అన్నాను. "ఒకరు ఈ పిల్ల. రెండో మనిషి, తుపాకి తిప్పి పంపినామని చెప్పిన మనిషి."

ప్రతాప్ లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. నేను నేర్పినది వాడు పూర్తిగా మరిచిపోలేదు. "చెప్పు మురుగేష్," అన్నాడు అంతే.

మురుగేష్ నేల మీదే కూలబడ్డాడు. "కోతి సార్! బావ అనుకోలేదు సార్! కరెంటు లేదు, మసకగా ఉండె. బొప్పాయి డ్రమ్ము కాడ ఏదో కదిలింది. కొట్టినా. కోతి అరిచిందనుకోని మళ్ళా పంపు కొట్టినా. అప్పుడు బావ లేచినాడు, మొగమంతా రక్తం... నన్ను ఇంట్లో నించి తరిమేస్తాడని భయమేసింది. ఎదురు మిద్దె మీద ఈ పిల్ల తుపాకి పట్టుకోని కనబడింది. నోట్లోకి ఆ పేరే వచ్చేసింది."

"నా బతుకు పోతాదని తెలీదా నీకు?" అంది నందిత. అరవలేదు. వాడు తల ఎత్తలేకపోయాడు.

నేను మనసులోనే అవ్వ చెప్పిన దెబ్బలు లెక్కపెడుతున్నాను. ఎనిమిది, టప్. మళ్ళీ ఎనిమిది. ఆ తర్వాత టప్ లేదు. అంటే రెండోసారి కొట్టిన గాలి ఇంకా లోపలే ఉంది.

"రెండో తూరి పంపు కొట్టినాక పెల్లెట్ పెట్టినావా?"

"...పెట్టినా."

"మళ్ళా తీసినావా? గాలి వదిలినావా?"

"లేదు మేడమ్. ఎట్ల వదలాలో నాకు తెలీదు."

"ఆ తుపాకి ఇప్పుడు యాడుండాది?" నేను వాడి చొక్కా పట్టుకున్నాను. "చెప్పరా!"

"పోలీసులు రాకముందు మునీంద్ర ఇంటి కాడ జనం మూగినారు. వసారాలో ఈ పిల్ల పొడుగు బ్యాగు ఉండె. పోలీసులు వెతికితే వీళ్ళ కాడే దొరకల్ల అని... దాంట్లో పెట్టేసినా."

నందిత ఒక్క ఉదుటున లేచింది. "నా కిట్ బ్యాగా? అది ఈడ లేదక్కా! పూజిత తెల్లారి బస్సుకు తిరుపతికి ఎత్తుకుపోయింది. నందూ తప్పకుండా వస్తాది, జాకెట్ ముందే రేంజ్‌లో పెడతా అని మా అవ్వతో చెప్పిందంట, పొద్దున నాయన వచ్చి చెప్పినాడు!"

పూజిత ఈమెతో పాటు సెలక్షన్ ఆడే పిల్ల. ప్రతాప్ తన ఫోన్ నందిత చేతిలో పెట్టాడు. ఆమె నంబరు చూడకుండా నొక్కి స్పీకర్ ఆన్ చేసింది. మోగింది. ఆరుసార్లు మోగింది. ఆ ఆరు మోతలకు నా ప్రాణం ఆరుసార్లు పోయింది.

"ఎవురు?" వెనక ఆడపిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి.

"పూజితా, నేను."

"నందూ! వదిలేసినారా? నాకు తెలుసే! నీ బ్యాగు ఇప్పుడే తెరిచినా. మీ నాయన ఇంకో తుపాకి చేసినాడా? చెప్పనే లేదు. గొట్టం శుభ్రంగా ఉండాదా అని చూస్తాండా..."

నేను కెవ్వుమనబోయాను. నందిత నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె గొంతులో వణుకు లేదు, తొందర లేదు.

"పూజితా, ఇను. ఊపిరి వదులు. ట్రిగ్గరు మీద వేలుందా?"

"...పక్కన ఉండాది."

"ఆ వేలు చాపు. ముందు మొగం పక్కకు తిప్పు. ఇప్పుడు తుపాకి మూతిని నెమ్మదిగా ఇసక గోడ వైపు తిప్పు. అది నిండి ఉండాది. పెల్లెట్ కూడా ఉండాది."

నవ్వులు ఆగిపోయాయి. ఏదో జరుగుతున్న చప్పుడు. ఎవరో "వెనక్కి రండి, వెనక్కి" అంటున్నారు. ప్రతాప్ బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"కింద పెట్టినా నందూ." ఇప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది. "గోడ వైపే ఉండాది. అందరం వెనకుండాము."

"సరే. సారు వచ్చేవరకు దాన్ని ఎవురూ ముట్టొద్దు." అప్పుడు కూర్చుంది నందిత. అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరకు తీసుకుంటే నా భుజమంతా తడిసిపోయింది. తడవనీ.

ప్రతాప్ గబగబా రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే, తల ఎత్తకుండా అన్నాడు. "అమ్మాయిని వదిలేస్తున్నాను. కానీ రెండు తుపాకులూ కోర్టుకు పోవాలి మేడమ్. ఈ బొట్టు చెదిరితే కేసే పోతుంది. రేపు ఈ తుపాకి ఇవ్వలేను. నన్ను తిట్టుకోవద్దు."

తిట్టుకోవాలనే ఉంది. కానీ వాడు చెప్పింది నిజం. పిల్ల నిర్దోషి అని చెప్పేదీ ఆ బొట్టే, రేపు పిల్ల చేతులు ఖాళీ చేసేదీ ఆ బొట్టే. గుమ్మం దగ్గర ఎప్పుడు వచ్చాడో మునీంద్ర నిలబడి ఉన్నాడు. ఆ మాట విని ముఖం పాలిపోయింది.

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. పూజిత అంతా విన్నది.

"నందూ, నాది మొదటి బ్యాచ్. నీది మూడో బ్యాచ్. నా తుపాకితో కాల్చు."

"నీది రెండు లక్షల తుపాకి," అంది నందిత ముక్కు తుడుచుకుంటూ. "దాని ట్రిగ్గరు నా చేతికి తెలీదు పూజీ. మా నాయన చేసిన ట్రిగ్గరు తప్ప నేను ఏదీ ఎరగను."

"అయితే మీ నాయననే రమ్మను! నా తుపాకి ట్రిగ్గరు నాకూ గట్టిగానే ఉండాది. మా నాయన ఒప్పుకోడు, కానీ తుపాకి నాది, నేను ఒప్పుకుంటా. ఇద్దరికీ సరిపోయేటట్టు సరి చెయ్యమను. రేంజ్ అయిదున్నర వరకు తెరిచే ఉంటాది."

మునీంద్ర తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళలో మగ్గం నూనె. "నేనా? అంత పెద్ద తుపాకి... నన్ను ముట్టనిస్తారా?" అన్నాడు తనలో తనే.

"నాయనా, పనిముట్లు యాడుండాయి?" అంది నందిత.

ప్రతాప్ సంతకం చేసి టోపీ పెట్టుకున్నాడు. గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది. తిరుపతికి గంటన్నర దారి. "ఆ నిండిన తుపాకిని స్వాధీనం చేసుకోవడానికి ఎట్లాగూ నేను పోవాలి," అన్నాడు నా కళ్ళలోకి చూడకుండా. "జీపులో ముగ్గురికి చోటుంది. తొందరగా ఎక్కండి చెంగమ్మక్కా."